మా గల్లీ కట్టె గానుగ: నూనెకు మంచి మార్కులు, బోర్డుకు సున్నా

హనుమకొండలో మా కర్రీ పాయింట్‌కు నాలుగు సందుల అవతల కట్టె గానుగ పెట్టారు. పెట్టినప్పటి నుంచి కూరలకు వచ్చేవాళ్లంతా అదే అడుగుతున్నారు. "అక్కా, ఆ నూనె మంచిదేనా? గుండెకు మంచిదట కదా?" ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. కొనొచ్చు. పల్లి నూనె అయితే ఆలోచించకుండా కొనొచ్చు. కానీ దుకాణం ముందు బోర్డు మీద రాసిన కారణాలకు మాత్రం కొనకండి.

నూనెతో నాకు రెండు రకాల లెక్కలున్నాయి. వ్యాపారంలో పదిహేను కిలోల టిన్నులతో పని, బియ్యం తర్వాత ఎక్కువ డబ్బు పోయేది నూనెకే. ఇంట్లో మా ఆయనకు స్టెంట్ పడింది. అప్పటి నుంచి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) కాగితాలు రేషన్ కార్డు, కరెంటు బిల్లులతో పాటు ఒకే ఫైల్లో ఉంటున్నాయి. కాబట్టి నూనె ఎట్లా వేగుతుందో, తిన్నాక ఏం చేస్తుందో రెండూ చూసే కొంటాను.

ముందు దుకాణం సంగతి. చిన్న మడిగె, లోపల మూడు గానుగలు. దిరిసెన కట్టెతో చేసిన రోలు, రోకలి అని చెప్పారు. ఎద్దు లేదు, మోటారే తిప్పుతుంది, కానీ చాలా నెమ్మదిగా. పల్లీలు పోశాక కాసేపటికి పొడిలా అవుతాయి, ఇంకాసేపటికి ముద్ద కడతాయి. అప్పుడు గానుగ దగ్గరున్న కుర్రాడు చెంబులో వేళ్లు ముంచి నీళ్లు చిలకరిస్తాడు. నీళ్లు తగిలాక ముద్ద బిగుసుకుని రోలు అంచుల వెంట నూనె ఊరడం మొదలవుతుంది. నువ్వులు ఆడేటప్పుడైతే బెల్లం ముక్క వేస్తాడు, చెక్క (నూనె పోయాక మిగిలే పిప్పి) నుంచి నూనె విడిపోవడానికి. నూనె పడే గిన్నెలో వేలు పెట్టి చూశా, గోరువెచ్చగా ఉంది, అంతే. ఆ పక్కనే డ్రమ్ముల్లో మడ్డి కిందికి దిగేదాకా నిలవ ఉంచి, పైన తేరిన నూనెను గుడ్డలో వడకట్టి సీసాలకు పోస్తారు. ఆ రోజు ఆడిన నూనె కావాలని పట్టుబట్టి తీసుకెళ్లేవాళ్లున్నారు. అట్లా తీసుకుంటే సీసా అడుగున రెండు వేళ్ల మందం మడ్డి దిగుతుంది, ఆ మేరకు మీ డబ్బు వృథా. తేరిన నూనే అడగండి.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఒకటుంది. పల్లీల బస్తా చూపించమంటే చూపిస్తారు. నేను అడగ్గానే దుకాణం యజమాని తమ్ముడు మూతి విప్పి, అడుగు నుంచి దోసెడు తీసి చేతిలో పోశాడు. గింజలు గులాబీ రంగులో, ఒకే సైజులో ఉన్నాయి. నల్లబడ్డవి, ముడతలు పడ్డవి, బూజు వాసన వచ్చేవి లేవు. ఇది చాదస్తం కాదు. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది కాలేయానికి చెడ్డది. ఫ్యాక్టరీలో రిఫైన్ చేసేటప్పుడు అది చాలావరకు పోతుంది. గానుగలో ఆ దశే లేదు, గింజలో ఏముంటే నూనెలోకి అదే వస్తుంది. అందుకని ఏ గానుగకు వెళ్లినా రోలు ఏ కట్టెతో చేశారని అడిగే ముందు బస్తా మూతి విప్పమనండి. విప్పనన్న చోట కొనకండి.

ధర పల్లి నూనె లీటరు 380. సన్‌ఫ్లవర్ ప్యాకెట్ రేటుకు రెట్టింపు కంటే ఎక్కువే. దోపిడీ అనేవాళ్లున్నారు, నాకట్లా అనిపించలేదు. గానుగలో లీటరు నూనె దిగాలంటే రెండున్నర కిలోల దాకా పల్లీలు కావాలి. ఇవాళ మంచి పల్లీలు కిలో ఏ రేటున్నాయో మీకు తెలుసు. రెండున్నరతో గుణించి, చెక్క అమ్మితే వచ్చేది తీసేసి, కరెంటు, కూలి, కిరాయి కలిపి చూడండి, మిగిలేది పెద్దగా ఉండదు. అసలు భయపడాల్సింది రోడ్డు పక్కన బండి మీద "స్వచ్ఛమైన గానుగ నూనె 200" అని అమ్మేవాళ్లను చూసి. గింజల ఖర్చు కంటే తక్కువకు నూనె ఎవడిస్తాడు? అందులో పామాయిల్ ఎంత కలిపారో వాళ్లకే తెలియాలి.

ఇంకో చిన్న కిటుకు. ఇక్కడ లీటరు 380, కిలో 400. నూనె లీటరు తూకం 910 గ్రాములే. అంటే కిలో కొంటే లీటరు మీద ఇంకో వంద మిల్లీలీటర్లు వస్తుంది, ఇరవై రూపాయలకే. కిలోల్లో అడగండి.

ఇక ఆ బోర్డు. పెద్దక్షరాల్లో "జీరో కొలెస్ట్రాల్" అని ఉంటుంది. అబద్ధం కాదు. కానీ పక్కన కిరాణా షాపులో ఉన్న పామాయిల్ ప్యాకెట్‌లో కూడా కొలెస్ట్రాల్ సున్నానే. కొలెస్ట్రాల్ ఉండేది జంతువుల నుంచి వచ్చేవాటిలో: మాంసం, గుడ్డు పచ్చసొన, పాలు, నెయ్యి. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు. సీసాలో కొలెస్ట్రాల్ ఉందా లేదా అన్నది కాదు విషయం. ఆ నూనె తిన్నాక మన ఒంట్లో కొలెస్ట్రాల్ పెరుగుతుందా లేదా అన్నది విషయం. దానికి సీసా ముందు వైపు రాతలు పనికిరావు, తిప్పి వెనక చూడాలి, శాచురేటెడ్ కొవ్వు (నెయ్యిలా చల్లబడితే గడ్డకట్టే రకం) ఎంతో.

మా ఆయన్ని డిశ్చార్జ్ చేసిన రోజు డైటీషియన్ అమ్మాయి ఇదే కాగితం మీద గీసి చెప్పింది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, పట్టుకుని లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయం మీద ఉంటాయట. శాచురేటెడ్ కొవ్వు ఎక్కువ తింటే ఆ గ్రాహకాలు తగ్గిపోతాయి. మా గల్లీకి మున్సిపాలిటీ చెత్త ఆటో రోజూ రాకుండా వారానికి రెండుసార్లే వస్తే ఎట్లుంటుందో ఊహించుకోండి. చెత్త వేసేవాళ్లు పెరగకపోయినా కుప్ప పెరుగుతుంది. రక్తంలో అట్లా మిగిలిన ఎల్‌డీఎల్ రక్తనాళాల గోడల్లోకి దిగి ఏళ్ల తరబడి పేరుకుంటుంది. శాచురేటెడ్ స్థానంలో పాలీ అన్‌శాచురేటెడ్, మోనో అన్‌శాచురేటెడ్ కొవ్వులు (గడ్డకట్టకుండా నూనెలాగే ఉండే రకాలు) వస్తే గ్రాహకాలు మళ్లీ పెరుగుతాయి, ఎల్‌డీఎల్ తగ్గుతుంది.

ఈ లెక్కన ఆ దుకాణంలోని ర్యాక్‌ను చూస్తే కథ వేరుగా ఉంటుంది. పల్లి నూనెలో శాచురేటెడ్ కొవ్వు దాదాపు ఐదో వంతు, మిగతాది ఎక్కువ మోనో, కొంత పాలీ. నువ్వుల నూనెలో ఇంకాస్త తక్కువ, నూటికి 15 లోపు, మోనో, పాలీ దాదాపు సమానం. కుసుమ నూనెలో 10 కూడా ఉండదు. కొబ్బరి నూనెలో? 90 దాకా. నాలుగూ ఒకే రకం గానుగలోంచి, ఒకే కుర్రాడి చేతుల మీదుగా వచ్చాయి, నాలుగింటి మీదా ఒకే గుండె బొమ్మ అంటించారు. గానుగ కట్టెదా ఇనుపదా అన్నదాన్ని బట్టి కొవ్వు రకం మారదు. పల్లీ పల్లీయే, కొబ్బరి కొబ్బరే. గానుగలో ఆడితే రుచి, వాసన, కొంచెం విటమిన్ ఈ నిలుస్తాయి. ఎల్‌డీఎల్‌కు తెలిసేది మాత్రం గింజ, దాంతో పాటు మనం పోసిన గరిటెలు.

కొబ్బరి నూనె దగ్గర ఆ తమ్ముడికీ నాకూ కొంచెం గట్టిగానే మాటలయ్యాయి. వాళ్ల పాంప్లెట్‌లో "మంచి కొలెస్ట్రాల్ పెంచును" అని ఉంది. ఆ మంచిది, అంటే హెచ్‌డీఎల్, పెరగడం నిజమే. దాంతో పాటు ఎల్‌డీఎల్ కూడా పెరుగుతుందన్న సగం పాంప్లెట్‌లో లేదు. మా ఆయన్ని చూసే డాక్టరు గారిని అడిగితే, హెచ్‌డీఎల్‌ను పెంచే మందులు కంపెనీలు తయారుచేశాయని, వేలమంది మీద వాడి చూస్తే ఆశించినట్టు గుండెపోట్లు తగ్గలేదని చెప్పారు. ఎల్‌డీఎల్ తగ్గితేనే గుండెపోట్లు తగ్గినట్టు మళ్లీ మళ్లీ రుజువైంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో కొబ్బరి నూనె వాడొద్దని విడిగా చెప్పింది కూడా. తలకు రాసుకోవడానికి మాత్రం నేను ఈ దుకాణంలోదే కొంటాను, వాసన అద్భుతం.

"రిఫైన్డ్ ఆయిల్ విషం" అని ఇంకో బోర్డు. దీంతో నేను అస్సలు ఒప్పుకోను. రిఫైన్డ్ నూనెలో వాసన పోతుంది, రుచి పోతుంది, విటమిన్ ఈ కొంత పోతుంది, అవన్నీ నిజం. కానీ సన్‌ఫ్లవర్ నూనెలో శాచురేటెడ్ కొవ్వు నూటికి పదీ పన్నెండే. ఎల్‌డీఎల్ వరకే చూస్తే పల్లి నూనె కంటే అదే ఓ మెట్టు పైన ఉంటుంది. ఇక తవుడు నూనెను చూడండి. వడ్ల మిల్లుల ఊళ్లలో ఉన్నాం కాబట్టి మనకు తెలిసిన సరుకే. అందులో ఒరిజనాల్ అనే పదార్థం ఉంటుంది, కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుంది. ఆ నూనెను గానుగలో తీయలేరు, తవుడు నుంచి తీసి రిఫైన్ చేస్తేనే తినడానికి పనికొస్తుంది. రిఫైన్డ్ అంతా విషమైతే దీన్ని ఏమనాలి? ఆ తమ్ముడికి ఇదే చెబితే నవ్వి, "మీరు తెలివైనోళ్లక్కా" అని కిలో పల్లి నూనె తూకం వేశాడు. వ్యాపారం తెలిసినవాడు.

నెయ్యి కూడా పెట్టాడు, కిలో రేటు వింటే గుండె ఆగుతుంది. నెయ్యిలో కొవ్వు సగానికి పైగా శాచురేటెడే. మా అత్తమ్మకు ముద్దపప్పులో చెంచా నెయ్యి లేకపోతే భోజనం కాదు. ఆమెకు ఆ చెంచా వేస్తాను, ఆ పూట కూరలో నూనె తగ్గిస్తాను. "ఆవు నెయ్యి కొలెస్ట్రాల్‌ను కడిగేస్తుంది" అని ఎవరైనా చెబితే విని ఊరుకోండి. ఇక్కడ డాల్డా అమ్మరు, అది మంచిదే. మన అమ్మల కాలంలో 1937 నుంచి వచ్చిన ఆ పసుపు రంగు డబ్బా లేని వంటిల్లు లేదు. నూనెను గట్టిపరచడానికి హైడ్రోజన్ పట్టించేవారు, అందులో పుట్టే ట్రాన్స్ కొవ్వు అన్నిటికంటే చెడ్డది. ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది, హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది, రెండు వైపులా నష్టమే. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు నూటికి 2 దాటకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నిబంధన ఉంది. అయినా బేకరీ పఫ్‌లు, క్రీమ్ బిస్కెట్లు కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడటం నాకు అలవాటైపోయింది.

ఇప్పుడు నా అసలు పని, వేపుడు. కూరలకు, పప్పు పోపుకు ఈ పల్లి నూనె బంగారం. బెండకాయ వేపుడుకు మామూలుగా పోసే దాంట్లో ముప్పావు పోసినా అదే రుచి వచ్చింది, నూనెకే సొంత రుచి ఉంది కాబట్టి. గుత్తి వంకాయ అయితే మూత తీయగానే ముందు వరసలో నిలబడ్డవాళ్లు "ఇవాళేం వేశారక్కా" అన్నారు. కానీ సాయంత్రం మిర్చీలకు కడాయి నిండా ఇదే పోసి చూస్తే పని అవలేదు. మొదటి వాయికే పైన తెల్లటి నురగ కట్టింది, మిర్చీలు ఎంత వేగాయో కనపడదు. రిఫైన్ చేయని నూనెలో జిగురు పదార్థాలు ఉంటాయి, నురగ వాటివల్లే. మంట పెంచితే రిఫైన్డ్ కంటే ముందే పొగ వచ్చేస్తుంది. వాయి మీద వాయి వేసేవాళ్లకు ఇది పనికిరాదు. ఇంట్లో పండగకు నాలుగు గారెలు వేసుకుంటే పరవాలేదు, మంట మధ్యస్తంగా పెట్టుకోండి.

మిగిలిన నూనె సంగతి కూడా చెప్పాలి. 380 పెట్టి కొన్నామని దాచి దాచి మళ్లీ కాచేవాళ్లను చూశాను. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే, నూనె చెడేటప్పుడు పుట్టే పదార్థాలు పెరుగుతాయి. అవి నూటికి 25 దాటిన నూనె వాడకూడదని 2018 జులై 1 నుంచి రూలు. రోజుకు 50 లీటర్ల పైన వాడే హోటళ్లయితే రికార్డు కూడా రాయాలి. నాలాంటి చిన్నవాళ్లకు రికార్డు లేదు గానీ రూలు రూలే. ఇంట్లో కొలిచే మిషన్లు ఉండవు. నూనె రంగు ముదిరి, చిక్కబడి, కాగకముందే పొగ, మాడు వాసన వస్తుంటే పారబోయాల్సిందే, అది గానుగ నూనె అయినా, ఆలివ్ నూనె అయినా. ఒకసారి కాచిన నూనెను వడకట్టి, మర్నాడు పోపులకు వాడేస్తే అసలు ఈ తంటా ఉండదు.

మా ఇంట్లో ఎంత వాడతానో అడుగుతారు కాబట్టి రాస్తున్నా. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అన్ని నూనెలూ కలిపి 27 గ్రాములు అని ఉంది. అంటే రెండు పెద్ద చెంచాలు, నెయ్యి కూడా అందులోనే. ఇద్దరికి నెలకు రెండు లీటర్ల కంటే తక్కువే. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే, గానుగదని తగ్గవు. ఒకే నూనె పట్టుకు కూర్చోకుండా రకాలు మార్చమని కూడా వాళ్లే చెబుతారు. అందుకే కూరలకు ఇక్కడి పల్లి నూనె, పులిహోరకు, పచ్చళ్లకు ఇక్కడి నువ్వుల నూనె, వేపుళ్లకు కిరాణా షాపు తవుడు నూనె వాడతాను. కుసుమ నూనె బాగానే ఉంది కానీ తొందరగా పాడై చెడు వాసన వస్తుంది, చిన్న సీసా కొనండి.

ఇంకో సంగతి చెప్పకపోతే నా లెక్క పూర్తికాదు. మా ఆయన నూనె బాగా తగ్గించారు. కడుపు నిండలేదని రెండు ముద్దల అన్నం ఎక్కువ, సాయంత్రం టీలో నాలుగు బిస్కెట్లు ఎక్కువ. తర్వాతి రిపోర్టులో ఎల్‌డీఎల్ పెద్దగా కదల్లేదు, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) పైకెక్కాయి. కొవ్వు తీసిన చోట తెల్లన్నం, మైదా, పంచదార పెడితే గుండెకు ఒరిగేదేమీ లేదు. డైటీషియన్ అమ్మాయి ఆ బిస్కెట్లు మాన్పించి గుప్పెడు పల్లీలు, పెసలు పెట్టించింది. రిపోర్టు మళ్లీ దారిలో పడింది.

నాకు నిజంగా కోపం వచ్చింది మాత్రం ఒక పెద్దాయన విషయంలో. నేను సీసా నింపించుకుంటుంటే ఆయన కౌంటర్ దగ్గర "ఈ నూనె మొదలుపెట్టినంక గోలీలు బంద్ చేసిన" అన్నాడు. కౌంటర్ మీదున్న పిల్లవాడు "మస్తుమందికి నయమైంది తాతా" అని తలూపాడు. ఆ గోలీలు బీపీవా, కొలెస్ట్రాల్‌వా అని కూడా వాడు అడగలేదు. నూనె మార్చితే ఎల్‌డీఎల్ కొంత తగ్గొచ్చు. స్టెంట్ పడ్డవాళ్లకు డాక్టర్లు అడిగేది 70 లోపు, కొందరికి 55 లోపు. గోలీ లేకుండా నూనె ఒక్కదాంతో అంత దిగదు. ఆ పెద్దాయనతో డాక్టరును కలవకుండా మానొద్దని చెప్పి, ఆ పిల్లవాడికి నాలుగు గట్టిగా అంటించి వచ్చా. యజమాని లేడు అప్పుడు. మర్నాడు చెబితే విన్నాడు, "వానికి సమజ్ చేస్తా అక్కా" అన్నాడు. బోర్డు మీద "బ్లాకులు కరుగును" అన్న లైను మాత్రం ఇంకా అట్లాగే ఉంది. అది తీసేదాకా బోర్డుకు నా దగ్గర సున్నానే.

నూనె మటుకు ఐదుకు నాలుగు. గింజ మంచిది, తూకం సరిగ్గా ఉంది, అడిగితే దాపరికం లేకుండా చూపిస్తారు. సీసా మనమే తీసుకెళ్తే పది రూపాయలు తగ్గిస్తారు, స్టీలు డబ్బా అయినా సరే. ప్లాస్టిక్ డబ్బాలో కిటికీ పక్కన పెట్టకండి, ఎండ తగిలితే నూనె పాడవుతుంది. సొంత పల్లీలు ఆడించుకోవాలంటే ముందు రోజు ఫోన్ చేసి చెప్పాలి, ఐదు కిలోలకు తక్కువ ఆడరు. చెక్క మనకే ఇస్తారు, వద్దంటే కూలిలో తగ్గించుకుంటారు. తెలగపిండి కావాలంటే నువ్వులు ఆడే రోజు పొద్దున్నే వెళ్లాలి, పదింటికల్లా అయిపోతుంది.